గుండె బాగానే ఉందన్నారు, మరి ఈ దడ ఎందుకు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కొంతకాలంగా ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరి చాలనట్టు ఉండటం, వేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిర్లు వస్తున్నాయి. రెండుసార్లు ఈసీజీ, ఒకసారి ఎకో తీశారు. అన్నీ బాగున్నాయి, ఆందోళన వల్లే అన్నారు. ఆ సమయంలో నాకు ఏ దిగులూ ఉండదు. మరి ఒంట్లో ఇదంతా ఎందుకండీ?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు పడుతున్న బాధ ఊహ కాదమ్మా. ఏదో ముప్పు ఉందని మెదడుకు తోస్తే చాలు, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. దాంతో గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణకోశానికి రక్తం తగ్గి కడుపులో తిప్పుతుంది. ఫలానా దానికి భయపడుతున్నానని మనకు తెలిసేలోపే ఇదంతా జరిగిపోవచ్చు.

తిమ్మిర్లకు కారణం వేరు. ఊపిరి చాలడం లేదని గబగబా పీలుస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తల తిరగడం, తిమ్మిర్లు అందువల్లే. గాలి చాలక కాదు, ఎక్కువై వచ్చిన ఇబ్బంది ఇది. దాన్ని చూసి గుండెపోటేమోనని హడలిపోతారు, ఆ హడలుకు మళ్లీ అడ్రినలిన్! మిమ్మల్ని వదలకుండా పట్టుకున్నది ఈ రెండో భయమే అనిపిస్తోంది.

దడ మొదలవగానే కూర్చుని భుజాలు వదులు చేయండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా పీల్చి, 6 అంకెలసేపు వదలండి. ఇలా 5 నిమిషాలు. గుండెల నిండా బలంగా పీల్చకండి, తిమ్మిర్లు పెరుగుతాయి. కాగితం సంచిలో ఊపిరి తీయమని ఎవరైనా చెబితే వినొద్దు. ఉధృతి సాధారణంగా 10 నిమిషాల్లోపు పెరిగి, ఆపై తగ్గుముఖం పడుతుంది. బస్సులో వచ్చిందని మధ్యలో దిగిపోకండి. దిగిన ప్రతిసారీ బస్సే ప్రమాదమని మెదడు నేర్చుకుంటుంది.

మూడో ఈసీజీ కన్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్ పరీక్షలు ఉపయోగం. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాగే దడ వస్తుంది. కాఫీ, ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ కూడా దడ పుట్టిస్తాయి. అయితే నడిచినప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా ఆందోళనే అనుకుని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా అన్నయ్య ఏళ్లుగా రోజూ రాత్రి ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే అల్ప్రజోలం మాత్ర వేసుకుంటున్నాడు. మానిపించవచ్చా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: మానిపించాలి, కానీ ఒక్కసారిగా వద్దు. హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. మానసిక వైద్యుల పర్యవేక్షణలో వారాల తరబడి, కొందరికి నెలల తరబడి మోతాదు తగ్గిస్తూ రావాలి. ఆందోళన ఇంకా ఉంటే సెర్ట్రలీన్ వంటి మందులు ఇస్తారు. వాటి ఫలితం తెలియడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారం కంగారు కాస్త పెరగొచ్చు, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆ వారం మీరు అన్నయ్య పక్కన ఉండండి. దగ్గర్లో మానసిక వైద్యులు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.