గున్నమ్మ నాటకం రాస్తున్న మేనకోడలికి

విజయనగరం

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు మందస గున్నమ్మ మీద, అదే 1940 రైతు పోరాటంలో పోలీసు కాల్పులకు బలైన ఆ తల్లి మీద, నాటకం రాయడానికి కూర్చున్నావని చెప్పింది. "వద్దని చెప్పు అన్నయ్యా, నీ మాటయితే వింటుంది" అని కూడా అంది. వద్దని నేను చెప్పను. మన ఇంట్లో నా తరువాత రంగస్థలం వైపు చూసినవాళ్లు ఒక్కరూ లేకపోయారే అని ఎన్నో ఏళ్లుగా లోలోపల బాధపడుతున్నవాణ్ణి, నీ సంగతి వినగానే భోజనం మధ్యలో లేచి అటకమీది ట్రంకుపెట్టె దింపించాను. పాత నాటకాల నోటుపుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి. మూత తీసేసరికి సంతోషంతోపాటు ఒక పాత భయం కూడా పైకి వచ్చింది. ఆ భయమే నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నది.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల కోసమైతే నాటిక గంటకు మించకూడదు. పాత్రలు ఆరేడు చాలు. ఎక్కువైతే రిహార్సల్స్‌కి అందరూ ఒక్కరోజు కూడా కలవరు. రాసినదంతా పైకి చదువుకో. ఉద్యోగం మానేస్తానని అన్నావట, ఆ మాట ఇంకెప్పుడూ అనకు. నాటకం రాసి ఇల్లు నడుపుకున్నవాణ్ణి నా జీవితంలో నేను చూడలేదు. అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడి ఉండగా మంచి సంభాషణ ఎవరికీ రాదు. శనాదివారాలు రాసుకో, మిగతా ఐదు రోజులూ మనసులో నానబెట్టుకో.

గున్నమ్మను ఎన్నుకున్నందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను. మన ప్రాంతం బొబ్బిలి కథను వందలసార్లు రంగమెక్కించింది గాని, గుడారి రాజమణిపురం ఆడకూతురైన ఈ గున్నమ్మను అంతగా ఎక్కించలేదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరగడం, జమీందారీ అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం మందస రైతులు పట్టుబట్టడం, వారిని పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులకు ఆడవాళ్లు అడ్డుపడడం, ఏప్రిల్ 1న కాల్పులు జరగడం, గర్భవతిగా ఉన్న గున్నమ్మ ఆ కాల్పులలో ప్రాణం విడవడం, ఇంతవరకు గట్టి నేల. దీని మీద నువ్వు ధైర్యంగా నడవవచ్చు. అయితే గట్టి నేల మీద కూడా చిన్న రాళ్లు తగులుతాయి. ఆ నాటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది ఏర్పడింది 1950లో. కాబట్టి ఏ పాత్ర నోటా "మా సిక్కోలు జిల్లా" అనే మాట రాకూడదు. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు దమ్మిడీలు. వంద పైసల లెక్క 1957 తరువాతిది. బియ్యం కిలోలలో కొలిపించావంటే వెనక వరుసలో కూర్చున్న ముసలాయన పక్కవాడి చెవిలో ఏదో అంటాడు, ఆ తరువాత ఆ ఇద్దరూ నీ నాటకాన్ని నమ్మరు.

పరిశోధన చేసినదంతా సంభాషణలలోకి దించాలనే ఆశ నీకు తప్పక కలుగుతుంది. మన ఊరివాడే అయిన గురజాడ ఆ పని చేయలేదు. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్క వివాహాలకు జాబితా తయారు చేయించగా, మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి; అందులో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ లెక్క గుండె కోసే లెక్క. దానిని గురజాడ తన 'కన్యాశుల్కం' నాటకం 1897 నాటి ముద్రణకు రాసిన పీఠికలో పెట్టారు. రంగం మీద పెట్టినది మాత్రం ఒక ఇంట్లో కూతురి పెళ్లి బేరం, ఆ బేరానికి ఏడ్చే తల్లి, ఎదురు తిరిగే మేనమామ. లెక్కను పీఠికకు వదిలి ఇంటిని రంగం మీదికి తెచ్చిన ఆ తెలివి నాకు నలభై ఏళ్లు వచ్చాక గాని అర్థం కాలేదు. నువ్వు ముందే తెలుసుకో.

ఇప్పుడు ట్రంకుపెట్టెలో దొరికిన నోటుపుస్తకం సంగతి చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నాకు ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నప్పుడు పాలకొండలో ఒక టీ దుకాణం దగ్గర ఒక సంగతి విన్నాను. నాగావళి ఒడ్డున ఉన్న ఒక పల్లెలో, వరద రోజులలో, ఒక రాత్రి నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఆసుపత్రికి తీసుకుపోవడానికి మంచం మీద రేవుకు మోసుకొచ్చారట. అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి ఎంత కేకలు వేసి పిలిచినా రాలేదట. తెల్లవారేలోగా తల్లీ బిడ్డా పోయారట. చెప్పినాయన అంతవరకే చెప్పి టీ తాగేసి వెళ్లిపోయాడు. నేను ఆ రాత్రే రాయడం మొదలుపెట్టి నాలుగు రాత్రులలో నాటిక పూర్తి చేశాను. పేర్లు మార్చాను. రేవును మార్చలేదు, వరదను మార్చలేదు, మంచాన్ని మార్చలేదు.

పడవవాడు ఎందుకు రాలేదో నాకు తెలియదు. రెండో రంగానికి ఒక కారణం కావాలి. అందుకని అతణ్ణి తాగించాను. అవతలి ఒడ్డున సారా సీసా పక్కన పెట్టుకుని, కేకలు వినబడుతున్నా లేవకుండా, తూలుతూ పాట పాడేటట్టు రాశాను. పాట నేనే కట్టాను, పడవ పాట వరసలో. ఆ వేషం వేసిన నటుడు గొప్పవాడు. ఒకవైపు చావుకేకలు, మరొకవైపు ఆ పాట, జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. రెండుచోట్ల వన్స్ మోర్ కొట్టారు. మూడు పరిషత్తులలో బహుమతులు వచ్చాయి. నేను ఆకాశంలో నడిచాను.

ఆ మరుసటి ఏడు అమ్మవారి పండగకు ఆడమని ఒక ఊరివాళ్లు పిలిచారు. ఆ ఊరు ఆ రేవుకు రెండు క్రోసుల దూరంలోనే ఉన్నదని తెలిసి కూడా నేను ఏమీ ఆలోచించలేదు. నాటకం అయిపోయాక, గడ్డి పాక వెనక దీపం దగ్గర కూర్చుని కొబ్బరినూనెతో ముఖానికి రంగు తుడుచుకుంటున్నాను. ఒక ముసలమ్మ వచ్చి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నా నుంచి మూడడుగుల దూరంలో నేల మీద కూర్చుంది. కోపంగా లేదు. చాలాసేపు నా చేతిలోని నూనెగుడ్డనే చూసింది. ఆ తరువాత అంది: "మా ఇంటాయన సుక్క ముట్నేదు బాబూ. ఆ రేతిరి పడవకి సిల్లు పడిపోనాది. సీకట్లో గోనెగుడ్డ కుక్కుతన్నాడు. ఒడ్డునున్నోలికి అది అవుపడనేదు."

నేను మాట్లాడలేకపోయాను. అతను అప్పటికి పోయి ఆరేళ్లయిందట. కేకలు వింటూ, చేతులు వణుకుతూ, చిల్లు పూడ్చి, తెల్లవారుజామున పడవ ఈ ఒడ్డుకు తెచ్చేసరికి మంచం మీద దుప్పటి కప్పి ఉన్నదట. ఆ తరువాత ఎన్నడూ అతను తెడ్డు పట్టలేదట. ఆమె నన్ను క్షమాపణ అడగలేదు, డబ్బు అడగలేదు. "ఆ పాటొక్కటీ తీసియ్యండి బాబూ. బడికాడ పిల్లలు మా మనవణ్ణి ఆ పాట పాడి ఏడిపిస్తన్నారు" అని మాత్రం అడిగి, చేతులు నేలకు ఆనించి లేచి వెళ్లిపోయింది.

అమ్మలూ, ఆమె ఇల్లు బస్సు దిగిన చోటి నుంచి పావుగంట నడక. నాటిక రాయడానికి ముందు ఒక్క ఆదివారం నేను ఆ బస్సు ఎక్కి ఉంటే సరిపోయేది. బద్ధకించాను. వయసు గర్వం వల్ల, నా ఊహే నిజంకన్నా బలమైనదని నమ్మాను. ఎంత అన్యాయమైన నమ్మకమో చూడు! చీకటిలో చిల్లు పూడ్చుకుంటూ అవతలి ఒడ్డు కేకలు వింటున్న మనిషి కన్నా గొప్ప రంగం ఏ నాటకకర్త ఊహించగలడు? నిజం నా చేతికి అందేటంత దూరంలో ఉండగా, నేను సారా సీసాతో సరిపెట్టుకున్నాను. పాట తీసేశాను, రెండో రంగం మొత్తం తిరగరాశాను. అయినా అప్పటికే నా నాటిక కార్బన్ ప్రతులు మరో రెండు నాటక సమాజాల దగ్గరికి చేరిపోయాయి. ఉత్తరాలు రాశాను, ఒకచోటికి స్వయంగా వెళ్లాను. "చప్పట్లు పడేదే ఆ రంగానికి గదండీ, అది తీసేస్తే ఏం మిగులుతుంది" అన్నారు. చాలా ఏళ్ల తరువాత ఒక బస్టాండులో, నా పాటను, నేను రాసినదని తెలియని కుర్రవాడొకడు కూనిరాగం తీస్తుండగా విన్నాను. ఆ రోజు బస్సు ఎక్కకుండా చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

అందుకే నువ్వు గున్నమ్మ పేరు ఎత్తగానే నాకు ఆ ముసలమ్మ కళ్లు కనబడ్డాయి. నాటకం పత్రికలో వార్త వంటిది కాదు. వార్తను జనం మరునాటికి మరచిపోతారు, రంగం మీద కళ్లారా చూసినదానిని తమ తాతలు చెప్పిన సంగతిగా గుర్తు పెట్టుకుంటారు. బొబ్బిలి యుద్ధమే చూడు. అది జరిగినది 1757 జనవరి 24న. దాని గురించి ఇంగ్లీషులో విస్తారంగా రాసిన రాబర్ట్ ఆర్మ్ ఆ కాలంలో మద్రాసులో ఉన్నవాడు, కోట కాలుతుండగా చూసినవాడు కాడు. మనవాళ్లకు కథ అందించినది జంగం కథలవాళ్లు, వారి తరువాత నాటకాలవాళ్లు. ఒకసారి బొబ్బిలి నాటకంలో ఫ్రెంచి సేనాని బుస్సీ దొర వేషం వేసి, ఒక వారం తేడాతో అటు బొబ్బిలి వైపు, ఇటు విజయనగరంలో ఆడాను. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం ప్రభువు విజయరామరాజును చంపడానికి గుడారంలోకి దూరే రంగానికి అక్కడ ఈలలు మోగాయి. ఇక్కడ ఎవరో ఒక పెద్దావిడ రెండు చేతులూ జోడించి పైడితల్లిని తలచుకుంది. ఈ ఊరివాళ్లకు ఆ తల్లి విజయరామరాజు చెల్లెలు కదా. ఒక ఊరి వీరుడు మరో ఊరి ఆడపడుచుకు అన్నను చంపినవాడు. చరిత్ర నాటకం రాసేవాళ్లు ఆ రెండు ఊళ్లలోనూ కూర్చుని తమ నాటకాన్ని చూడగలగాలి.

కనుక నువ్వు గుడారి రాజమణిపురం వెళ్లు. కలం, పుస్తకం తీయకుండా మొదటి రోజంతా ఊరకే కూర్చో. వాళ్లు ఏ మాటకు ఏ యాస వేస్తున్నారో, ఒడియా మాటలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో విను. పాత్రకు తగిన భాష ఉండాలని వేదం వేంకటరాయశాస్త్రిగారు నూరేళ్ల కిందటే పట్టుబట్టారు. విజయనగరం యాసను మందసవాళ్ల నోట పెట్టి ఉత్తరాంధ్ర అంతా ఒకటేనని సరిపెట్టకు. కాల్పుల ముందు రాత్రి ఆమె ఏం వండింది, ఎవరితో ఏం మాట్లాడింది అనేది ఏ కాగితంలోనూ దొరకదు, అక్కడ నువ్వు ఊహించక తప్పదు. ఊహించు. కాని ఆ ఊహ ఆమె బతుకులోంచి రావాలి, నీ రంగం అవసరంలోంచి రాకూడదు. ఆమె చేత పెద్ద ఉపన్యాసం చెప్పించకు. దేవతను చేయకు. నెలలు నిండుతున్న మనిషికి నడుము నొప్పి ఉంటుంది, భయం ఉంటుంది, కట్టె లేకపోతే పొయ్యి ఎలా వెలుగుతుందనే చింత ఉంటుంది. ఆ మనిషి వెనక్కి తగ్గకుండా నిలబడడమే నీ నాటకం. తుపాకీ పట్టిన జవానుకు కూడా ఒక ఇల్లు ఉంటుందని గుర్తుంచుకో, అతనికి తాగుడు అంటగట్టి పని తేలిక చేసుకోకు.

దీని తరువాత ఏదైనా పాత కథను నాటకం చేయాలని ఉందని కూడా అన్నావట. రచయిత పోయిన తరువాత అరవై ఏళ్లు నిండకపోతే వారసుల అనుమతి రాతపూర్వకంగా తీసుకో. గురజాడ కథలకు ఆ అడ్డంకి లేదు. ఆయన 1910లో రాసిన 'దిద్దుబాటు' అర్ధరాత్రి మూసిన తలుపు ముందే మొదలవుతుంది, సగం నాటకం అప్పుడే సిద్ధంగా ఉన్నట్టు. ఆ సంగతి తీరికగా మాట్లాడుకుందాం.

తిరగరాయడానికి బాధపడకు. 'కన్యాశుల్కం' 1892లో రంగమెక్కింది. మనం ఇవాళ చదువుతున్న రూపం 1909లో వచ్చింది. మధ్య పదిహేడేళ్లు. నీకు అన్నేళ్లు అక్కరలేదు గాని, మొదటి ప్రతి చూసి మురిసిపోయి ఎవరికీ జిరాక్సులు పంచిపెట్టకు. ఊరివాళ్లకు ఒకసారి చదివి వినిపించిన తరువాతే సమాజాలకు ఇవ్వు.

మందస వెళ్లేటప్పుడు ఒక్కదానివే వెళ్లకు, నేను వస్తాను. మోకాళ్ల నొప్పి సంగతి మీ అమ్మ చెబుతుంది, పట్టించుకోకు. రాత్రుళ్లు పన్నెండు దాటి మేలుకుని రాయవద్దు, చిన్నప్పటి నుంచీ నీకు తలనొప్పి. దసరాకు వస్తానన్నావు కదా, పైడితల్లి సిరిమానోత్సవం మంగళవారం నాడు ఊళ్లోకి బస్సులు కదలవు, ముందు రోజే దిగు. ఎంత రాశావో అంతవరకు తీసుకురా. నేను పైకి చదువుతాను, నువ్వు కళ్లు మూసుకుని విను. నా నోటుపుస్తకం కూడా తీసి ఉంచాను; రెండో రంగం పేజీలు కొట్టివేసిన గీతలతో సహా అలాగే ఉన్నాయి. అవి నువ్వు చదవాలి.

ఇట్లు
మామయ్య