స్వీడన్ డబ్బు ఖాతాలో పడకముందే ఇది చూడండి

సార్, ఫ్లోరోసిస్ మీద ఉమ్మడి ప్రాజెక్టుకు స్వీడన్ యూనివర్సిటీ వాళ్లు నల్గొండలోని మీ సొసైటీ కాలేజీ ఖాతాలోనే డబ్బు వేస్తామంటున్నారు, తీసుకోవచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం ముట్టుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే పడాలి. మీ ఊరి బ్రాంచి మేనేజర్ ఎంత తెలిసినవారైనా లాభం లేదు.

మీది ఒక్క ప్రాజెక్టే కాబట్టి ముందస్తు అనుమతికి ఎఫ్‌సీ-3బీ ఫారం పెట్టండి. ఎంత ఇస్తున్నారో, దేనికో రాసిన హామీ పత్రం వాళ్ల దగ్గర తీసుకోండి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటొద్దు. మర్రిగూడలో సర్వే చేసే స్వచ్ఛంద సంస్థకు వాటా ఇద్దామనుకున్నారు కదా, అది అసలే కుదరదు. ఈ సొమ్మును ఇంకో సంస్థకు మళ్లించనివ్వరు.

అనుమతి వచ్చేదాకా ఖాళీగా కూర్చోకండి. గ్రాంటు స్వీడన్ వాళ్ల దగ్గరే ఉంచి, వాళ్ల విద్యార్థుల టికెట్లు, బస వాళ్లనే చూసుకోమనండి. మా మహబూబ్‌నగర్‌లో వలస కూలీల ఇళ్లకు తిరిగినప్పుడు అలాగే చేశాం. బడ్జెట్లో అందరూ మరిచింది జీపు కిరాయి. చివరికి అది మా జేబుల్లోంచే పోయింది. మీరు ముందే రాయించుకోండి.