బ్యాంక్రప్ట్సీకి ముందు అయినవాళ్ళ అప్పు తీర్చకు

తమ్ముడూ, అప్పులు తీర్చలేక బ్యాంక్రప్ట్సీ, అంటే కోర్టులో దివాలా, వేస్తానని రాశావు. ముందు వీసా సంగతి చెప్పేస్తాను, ఆ టెన్షన్ తగ్గితేనే మిగతాది నీ చెవికెక్కుతుంది. అమెరికాలో బ్యాంక్రప్ట్సీ వెయ్యడానికి సిటిజన్ కానక్కర్లేదు, గ్రీన్‌కార్డు ఉండనక్కర్లేదు. ఇక్కడ నివాసం ఉంటే చాలు. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళూ వేస్తారు, వేసినంత మాత్రాన వీసా రద్దు కాదు. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. కోర్టుకిచ్చే కాగితాల్లో కావాలని ఆస్తి దాచిపెడితే మాత్రం నేరమే, 5 ఏళ్ళ దాకా జైలుశిక్ష ఉంది. వీసాకి ముప్పు వస్తే అటునుంచే వస్తుంది. మిగతా రూల్స్ అన్నీ ఫారాలతో సహా యూఎస్ కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. చదువుకున్నవాడివి, అవి నువ్వే చూసుకోగలవు.

నాకు భయం వేసింది నువ్వు చివర్లో రాసిన ముక్కకి. 38,000 డాలర్ల కార్డు అప్పు, లేఆఫ్, ఉద్యోగం పోయాక వీసాకి ఉండే 60 రోజుల గ్రేస్‌లో కిందామీదా పడి తక్కువ జీతానికి ఇంకో జాబు తెచ్చుకోవడం, ఊళ్ళో నాన్నగారి ఇంటి మీద చదువు లోను, ఇవన్నీ వరసగా రాశావు. రాసి, "పాత కంపెనీ 401కే రిటైర్మెంట్ పొదుపు తీసేసి ముందు అక్క ఇచ్చిన 6,000 తిరిగిచ్చేస్తాను, అయినవాళ్ళ దగ్గర మాట పడలేను, ఆ తర్వాతే బ్యాంక్రప్ట్సీ వేస్తాను" అన్నావు. నీలాంటి మంచి కుర్రాళ్ళు సరిగ్గా ఈ పనే చేస్తారు. మేమూ ఇదే చేశాం. దానివల్ల ఎంత నష్టపోయామో చెబుతాను, ఓపిగ్గా విను.

2009లో మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. మావారు ఒక కన్సల్టెన్సీ తరఫున పనిచేసేవారు. ప్రాజెక్టు పోయింది. హెచ్‌1బీ వాళ్ళకి ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నా జీతం ఇచ్చి తీరాలి. ఆ కంపెనీ ఇవ్వలేదు, గట్టిగా అడిగితే వీసా ఏం చేస్తారో అని మేం నోరెత్తలేదు. నాది హెచ్‌4. అంటే ఆయన మీద ఆధారపడిన వీసా. ఇవాళ అందరూ హెచ్‌4 ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి, అంటున్నారు గానీ అది వచ్చింది 2015లో. అప్పటి మాబోటి వాళ్ళకి డిగ్రీలు ఎన్ని ఉన్నా ఇంట్లో కూర్చోవడమే. ఇన్సూరెన్స్ తెగిపోయిన ఆ సందులోనే మా బాబుకి అపెండిసైటిస్ ఆపరేషన్. బిల్లు 23,000 డాలర్లు దాటింది.

ఆ బిల్లు రాగానే నాలుగు కార్డుల మీద సర్ది కట్టేశాం. హాస్పిటల్‌కి బాకీ పడడం పరువు తక్కువ అనుకున్నాం. అదే మొదటి తప్పు. హాస్పిటల్ బిల్లుకి సాధారణంగా వడ్డీ ఉండదు. ఏ మందుకి ఎంత, ఏ టెస్టుకి ఎంత అని విడివిడిగా రాసిన బిల్లు అడగొచ్చు, వాయిదాలు అడగొచ్చు. నాన్‌ప్రాఫిట్ హాస్పిటల్ అయితే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ ఉండి తీరాలి, ఇప్పటి రూల్ ప్రకారం డిశ్చార్జి అయ్యాక మొదటి బిల్లు వచ్చిన దగ్గర్నుంచి 240 రోజుల దాకా దానికి అప్లై చేసుకోవచ్చు. కార్డు మీదికి ఎక్కించాక అది ఇంక హాస్పిటల్ బాకీ కాదు, బ్యాంకు బాకీ. మా కార్డుల్లో ఒకదానికి వడ్డీ 24 శాతం. నీకు హాస్పిటల్ బిల్లు లేదు కదా అని ఇది వదిలేయకు, ఇన్సూరెన్స్ లేని నెల ఎవరికైనా వస్తుంది.

తర్వాత 401కే. మావారి దాంట్లో 20,000 ఉండేవి. చేతికొచ్చింది 16,000. ట్యాక్స్ కింద 20 శాతం అక్కడే పట్టుకున్నారు. ఏప్రిల్‌లో ట్యాక్స్ ఫైల్ చేసేటప్పుడు వయసు 59 ఏళ్ళ 6 నెలలు నిండలేదని ఇంకో 10 శాతం పెనాల్టీ. ఆ తర్వాత లాయరు చెప్పిన మాటకి నాకు కడుపు రగిలిపోయింది. 401కేలో ఉన్న డబ్బుని బ్యాంక్రప్ట్సీలో అప్పులవాళ్ళు ముట్టుకోలేరు, కోర్టు తరఫున వచ్చే ట్రస్టీ కూడా ముట్టుకోలేడు. ఎవరూ తీసుకోలేని ఆ ఒక్క డబ్బునీ మేమే బయటికి తీసి పంచిపెట్టాం.

ఆ 16,000లో 9,000 మా ఆడపడుచుకి పంపాం. హ్యూస్టన్‌లో ఉంటుంది, మాకు కష్టం వచ్చిందని తెలిసి తనే ఇచ్చింది. తిరిగి ఇమ్మని అడగలేదు పాపం. కానీ సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు, "అన్నయ్య కొత్త సోఫా కొన్నాడటగా వదినా" అంది. అది గరాజ్ సేల్‌లో 40 డాలర్లకి తెచ్చిన సోఫా, ఒక కాలు విరిగితే కింద ఇటుక పెట్టాం. ఆ మాట విని మావారు అన్నం మధ్యలో లేచిపోయారు. ఆ రాత్రే డబ్బు పంపించేశారు.

లాయరు దగ్గర కూర్చున్నప్పుడు ఫారంలో ఒక ప్రశ్న వచ్చింది: గడిచిన ఏడాదిలో బంధువులకి ఏమైనా అప్పు తీర్చారా? మామూలు అప్పులవాళ్ళ విషయంలో 90 రోజులే వెనక్కి చూస్తారు, అయినవాళ్ళయితే ఏడాది చూస్తారు. మిగతా అందరికీ ఎగ్గొట్టి ఒకళ్ళకి తీర్చిన డబ్బుని ట్రస్టీ వెనక్కి రప్పించి అందరికీ పంచొచ్చు. అడిగేది మనల్ని కాదు, తీసుకున్నవాళ్ళని. అంటే మాకు సాయం చేసిన పాపానికి మా ఆడపడుచు మీద దావా పడే పరిస్థితి. మావారి మొహం చూడలేకపోయాను. చివరికి ఆ 9,000 కూడా మేం నెలనెలా ట్రస్టీకి కట్టే లెక్కలో కలపడానికి ట్రస్టీ ఒప్పుకున్నాడు. అలా ఆవిడకి తీర్చిన అప్పే మళ్ళీ బ్యాంకులకీ కట్టాం.

ఇక ఇండియాలో ఆస్తి. "అక్కడ ఉన్నది వీళ్ళకేం తెలుస్తుందిలే" అని మనవాళ్ళు పార్టీల్లో ధైర్యం చెబుతారు, ఆ మాటలు నమ్మకు. ప్రపంచంలో ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా, నీదైతే రాయాల్సిందే. తెనాలి దగ్గర మావారి పేర చిన్న స్థలం ఉండేది. నా పెళ్ళి నగలు విజయవాడలో అమ్మ లాకర్లో ఉన్నాయి. "స్థలం మా అత్తగారి పేర రాసేస్తే?" అని అడిగాను. లాయరమ్మ పెన్ను కింద పెట్టి, ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ అనకండి అంది. కేసు వేసేముందు 2 ఏళ్ళలో అలా చేతులు మార్చిన ఆస్తిని వెనక్కి లాగొచ్చు, రాష్ట్ర చట్టాలతో ఇంకా వెనక్కి వెళ్ళొచ్చు. మోసం అని తేలితే అప్పుల మాఫీయే దక్కకుండా పోవచ్చు.

అమ్మ లాకరు తెరిపించి, ఇంటికి తెచ్చి తూకం వేయించి, ఒక్కొక్కటీ ఫోన్లో చెబుతుంటే నేను రాసుకున్నాను. చంద్రహారం, గాజులు, జూకాలు, వంకీ, ఏది ఎన్ని గ్రాములో సహా. "నాన్నగారు చేయించిన నగలు కోర్టులో రాస్తావుటే" అని అమ్మ ఏడ్చింది. రాశాం కాబట్టే అవి ఇవాళ నా దగ్గర ఉన్నాయి. టెక్సస్‌లో నగలకి కొంత విలువ దాకా అప్పులవాళ్ళు ముట్టుకోకుండా మినహాయింపు ఉంది, మావి అందులో సరిపోయాయి. స్థలానికి మినహాయింపు లేదు. అందుకే ఛాప్టర్ 7 వద్దనుకుని 13 వేశాం. 7లో మినహాయింపు లేని ఆస్తి అమ్మి పంచి, మిగిలిన అప్పు నాలుగైదు నెలల్లో మాఫీ చేస్తారు. 13లో ఆస్తి మన దగ్గరే ఉంటుంది గానీ 3 నుంచి 5 ఏళ్ళు నెలనెలా ట్రస్టీకి కట్టాలి, 7 వేసి ఉంటే అప్పులవాళ్ళకి ఎంత వచ్చేదో కనీసం అంతైనా ముట్టాలి. అప్పటికి మావారికి మంచి జాబు దొరికింది, ఆదాయం రాష్ట్రపు మీడియన్, అంటే మధ్యస్థ ఆదాయం, దాటింది కాబట్టి మాకు 5 ఏళ్ళు పడింది.

అప్పులవాళ్ళ మీటింగ్ అంటే నాకు రాత్రంతా నిద్ర లేదు. తీరా వెళ్తే జడ్జి లేడు, బోను లేదు. ఒక బల్ల, అవతల ట్రస్టీ. ఐడీ, సోషల్ సెక్యూరిటీ కార్డు చూశాడు, ప్రమాణం చేయించాడు, అమెరికా బయట ఆస్తి ఉందా అని అడిగాడు. ఉంది, రాశాం అన్నాం. కాసేపట్లో అయిపోయింది. కార్డు బ్యాంకుల తరఫున ఒక్కళ్ళూ రాలేదు. ఇప్పుడు అదీ చాలావరకు జూమ్‌లోనే జరుగుతోంది, మీ తరానికి ఆ మాత్రం సుఖం ఉంది.

ఆ 5 ఏళ్ళూ కొత్త కార్డు లేదు, కారు లోను కావాలన్నా పర్మిషన్ అడగాలి. ఇంటి ఖర్చంతా నేను నోటుబుక్కులో రాసేదాన్ని. బయట భోజనం మానేశాం, బాబు పుట్టినరోజులు అపార్ట్‌మెంట్ పార్కులో పులిహోర, కేకుతో చేశాం. ఒక్క వాయిదా తప్పలేదు. 2015లో మిగిలిన అప్పు మాఫీ చేస్తూ డిశ్చార్జి ఆర్డరు వచ్చింది, స్థలం మిగిలింది. గ్రీన్‌కార్డు ఆలస్యంగానైనా వచ్చింది, ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. బ్యాంక్రప్ట్సీ వేస్తే ఇక్కడ బతుకు అయిపోయినట్టే అని నీకు చెప్పినవాళ్ళని నా దగ్గరికి పంపు.

నీ సంగతికొస్తే, నీ పేర స్థలాలూ నగలూ లేవన్నావు, నాన్నగారి ఇల్లు నాన్నగారిదే. నీకు 7 కుదరొచ్చు. దానికి ఆదాయం చూసేది, వేసే నెలకి ముందు 6 నెలల సగటు. జీతం లేని నెలలు ఆ ఆరింటిలో ఉంటే సగటు తగ్గుతుంది, కొత్త జీతం నెలలు నిండేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి వచ్చే ఏడాది చూద్దాంలే అనకుండా ఈ నెలలోనే మీ న్యూజెర్సీలో బ్యాంక్రప్ట్సీ లాయరుని కలు. చాలామంది మొదటిసారి ఫీజు లేకుండా మాట్లాడతారు. కోర్టు ఫీజు 338 డాలర్లు, ముందొక క్రెడిట్ కౌన్సెలింగ్, తర్వాత ఒక కోర్సు, అవి ఆన్‌లైన్‌లో అయిపోతాయి. వేసిన రోజు నుంచి కలెక్షన్ ఫోన్లు ఆగాలి. క్రెడిట్ రిపోర్టులో 10 ఏళ్ళ దాకా కనిపిస్తుంది, నిజమే. ఇప్పుడున్న స్కోరుతో నువ్వు కొనబోయేది కూడా ఏమీ లేదు కదా.

ఈలోగా కార్డు గీకకు. వేసేముందు 90 రోజుల్లో కొన్న ఖరీదైన వస్తువులు, 70 రోజుల్లో తీసిన క్యాష్ అడ్వాన్సులు ఒక పరిమితి దాటితే మాఫీ కాకపోవచ్చు. సగానికి సెటిల్ చేస్తామని ఫోన్ చేసే కంపెనీలకి అడ్వాన్సు ఇవ్వకు. అలా తగ్గించిన అప్పు సాధారణంగా ఆదాయం కింద లెక్కకొచ్చి ట్యాక్స్ పడుతుంది, బ్యాంక్రప్ట్సీలో మాఫీ అయితే పడదు. కార్డులు నిండా గీకి ఇండియా ఫ్లైటెక్కెయ్యమని చెప్పిన ఫ్రెండు ఫోన్ ఎత్తకు.

అసలు ఇంటికి డబ్బు పంపడం గురించి గట్టిగా చెప్పాలి. నెలకి 500 పంపుతున్నానన్నావు. కార్డుకి మినిమం మాత్రమే కట్టి ఇంటికి పంపే డబ్బు నీ సంపాదన కాదు, బ్యాంకు దగ్గర తెచ్చిన వడ్డీ డబ్బు. మా అప్పుల్లో హాస్పిటల్ తర్వాత పెద్ద భాగం అదే. మరిదిగారి ఫీజులు, గృహప్రవేశాలు, ఎవరి పెళ్ళికో కట్నకానుకలు. అబ్బాయి అమెరికాలో ఉన్నాడని వాళ్ళు అనుకుంటారు, లేదని మనం చెప్పం. ఒక్క చదువు లోను ఈఎంఐ మాత్రం వేరు. చదువు అప్పు సామాన్యంగా ఇక్కడ మాఫీ కాదు. ఒకవేళ మాఫీ అయినా నాన్నగారి సంతకం అక్కడ అలాగే ఉంటుంది. 90 రోజులు దాటి బకాయి పడితే బ్యాంకు దాన్ని ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, చేస్తుంది, ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసుతో ఇంటి మీదికి రావచ్చు. కాబట్టి ఆ ఈఎంఐ ఎప్పటిలా కట్టు, లాయరుకి చెప్పే కట్టు, ఒకేసారి పెద్ద మొత్తం మాత్రం కట్టకు. కష్టంగా ఉంటే 90 రోజులు రాకముందే నాన్నగార్ని బ్రాంచికి వెళ్ళి వాయిదాలు మార్చమని అడగమను.

అక్క 6,000 సంగతి. ఆమె పేరూ లిస్టులో రాయాలి, అప్పిచ్చినవాళ్ళలో ఎవర్నీ వదలకూడదు. కోర్టు నుంచి ఆమెకి కవరు వెళ్తుంది. అది తెరిచాక తెలుసుకునేకంటే నీ నోటి నుంచి ముందే వినాలి, కాబట్టి ఈ ఆదివారమే ఫోన్ చెయ్యి. బావగారు కూడా ఇంట్లో ఉన్న టైము చూసి చెయ్యి, ఆమె ఒక్కతే ఆయనకి సంజాయిషీ ఇచ్చుకునే పని పెట్టకు. డిశ్చార్జి అయిపోయాక నీ ఇష్టంతో నువ్వు ఆమెకి ఎంతైనా ఇచ్చుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. "ఇప్పుడిస్తే నీ మీదికి వస్తుంది, అది అయ్యాక నెలకింత చొప్పున ఇస్తాను" అని ఆ మాట కూడా చెప్పు. 401కే అక్కడే ఉండనీ.