పెంచుకోమని ఇచ్చిన కుక్కను మళ్లీ తీసుకెళ్లగలరా?

ప్రశ్న: తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మిద్దె పైన పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. వీధికుక్కల్ని కాపాడే ఒక బృందం నుంచి పది నెలల నాటు కుక్కను తెచ్చుకున్నాం. వాళ్లకు షెల్టరంటూ లేదు, వాలంటీర్ల ఇళ్లలోనే కుక్కల్ని ఉంచుతారు. డబ్బులేమీ తీసుకోలేదు. మూడు వారాలు ఫోస్టర్ (తాత్కాలికంగా చూసుకోవడం) అన్నారు, తర్వాత దత్తత పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. మా 'పులి' ఒక్క నిమిషం కుదురుగా ఉండదు, గుమ్మంలో చెప్పు మిగలనివ్వదు. అందుకే ఆఫీసుకెళ్లేటప్పుడు కట్టేసి వెళ్తున్నాం. అది చూసిన వాలంటీర్ 'ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లే హక్కు మాకుంది, ఇవ్వకపోతే రూ.20,000 కట్టాలని రాసుకున్నాం' అంటోంది. నిజమేనా? ఇంటి ఓనరు కూడా సణుగుతున్నారు.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు మీరు సంతకం పెట్టిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఫోస్టర్ కాగితం నడిచిన మూడు వారాలూ పులి వాళ్లది. మీరు దాన్ని జాగ్రత్తగా చూసుకునే బాధ్యత ఉన్నవాళ్లు, అంతే. అప్పుడు అడిగితే ఇచ్చేయాల్సిందే. దత్తత పత్రం తర్వాత లెక్క మారింది. 'దత్తత' అన్న మాట వినడానికి ఇంపుగా ఉంటుంది గానీ, మన 1956 దత్తత చట్టం పిల్లల కోసం. ఆస్తి లెక్కల్లో కుక్క చరాస్తి కిందే వస్తుంది. డబ్బు తీసుకోకుండా ఇచ్చి, మీ చేతికి అప్పగించారు కాబట్టి, పత్రంలో 'యజమాని మేమే' అని రాసుకోకపోతే, అది మీకిచ్చిన దానమే.

దానంలో షరతు పెట్టుకోవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ ఆ షరతు ఇచ్చినవాళ్ల ఇష్టాయిష్టాల మీద ఆధారపడకూడదు. 'వీధిలో వదిలేస్తే, ఇంకొకరికి అమ్మేస్తే వెనక్కి తీసుకుంటాం' అంటే చెల్లుతుంది. 'మాకు ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు' అంటే చెల్లదు. చెల్లే షరతును మీరు తప్పినా, వాళ్లు కోర్టుకు వెళ్లాలి తప్ప గేటు తెరుచుకుని వచ్చి పులిని ఆటోలో ఎక్కించుకోవడానికి లేదు. ఇక ఆ రూ.20,000. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది పై హద్దు మాత్రమే. కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం, అది అంతకు మించదు. కాగితంలో అంకె చూసి నిద్ర పోగొట్టుకోకండి.

అయితే మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది వేరే మాట: 'కట్టేసి వెళ్తున్నాం.' జంతు హింస నివారణ చట్టం 1960లో 11వ సెక్షన్ కింద, కుక్కను అలవాటుగా కట్టేసో, ఇరుకులో మూసేసో ఉంచే యజమాని దానికి తగినంత వ్యాయామం లేకుండా చేస్తే అది క్రూరత్వమే. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో చాలాసేపు కట్టేసినా అంతే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! ప్లేటు ఇడ్లీ ఖర్చు. చట్టం వయసు అది మరి. కానీ మీ కేసులో అసలు నష్టం జరిమానా కాదు. ఒకసారి నా దగ్గరికొచ్చిన ఒకాయన ఫోన్‌లో ఫొటో చూపించాడు: గొలుసు తిరిగినంత మేర నేల గుండ్రంగా, నున్నగా అరిగిపోయి ఉంది, మధ్యలో గూటం. అలాంటి ఫొటో ఆ బృందం చేతిలో పడితే, 'కుక్కను సరిగ్గా చూడకపోతే వెనక్కి తీసుకుంటాం' అన్న షరతు పత్రంలో ఉంటే వాళ్ల కేసు సగం గెలిచినట్టే.

పది నెలల నాటు కుక్క కాళ్లలో ఉన్న పరుగును గొలుసు ఆపలేదు. చెప్పులు కొరికేది కూడా అందుకే. మే నెలలో మన ఊరి తారురోడ్డు దాని పాదాలు కాల్చేస్తుంది. ఆరింటికి ముందే ఒకసారి, పొద్దుపోయాక ఒకసారి బాగా తిప్పండి, మెడకు తాడు వదలకుండా. తాడు వదిలేస్తే, అది ఎగిరి ఎవరి పిల్లాడినైనా గీరిందంటే, నిర్లక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ వస్తుంది: ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. రేబిస్ టీకా కార్డు పోగొట్టుకోకండి. వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి ఊళ్లోనే ఉంది కదా.

ఓనరు విషయానికి అద్దె అగ్రిమెంటు చూడండి. పెంపుడు జంతువులు వద్దని రాసి ఉంటే ఆయన పక్షమే బలం. ఏమీ రాయకపోతే రేపే ఖాళీ చేయమనలేరు. పదకొండు నెలల గడువు తీరాక కొత్తగా రాయకపోవడం మాత్రం ఆయన ఇష్టం. పదిమంది ఉన్న అపార్టుమెంటు అసోసియేషన్ అయితే, కుక్కలు పెంచకూడదని తీర్మానం చేయడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయి. ఓనరుతో మీరు రాసుకున్న అగ్రిమెంటుకు అవి మందు కాదు.

విసుగొచ్చినా దాన్ని వీధిలోకి మాత్రం వదిలేయకండి. తిండీ నీళ్లూ దొరక్క అల్లాడేలా వదిలేయడం అదే 11వ సెక్షన్‌లో నేరం. మున్సిపాలిటీ ద్వారా దత్తత తీసుకున్న వీధికుక్క మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టు 22న చెప్పింది. చేతకాకపోతే ఇచ్చిన బృందానికే తిరిగి అప్పగించి, అందినట్టు రాయించుకోండి.

ఆ వాలంటీరుకు ఫోన్‌లో జవాబు చెప్పకండి, వాట్సాప్‌లో రాయండి. దత్తత పత్రం పూర్తి కాపీ అడగండి. గొలుసు తీసేశామని, పొద్దున ఎన్నింటికి, సాయంత్రం ఎన్నింటికి తిప్పుతున్నామో అందులోనే రాసి, పులి పరుగెత్తే వీడియో ఒకటి జత చేయండి. వీడియో తీసేముందు గొలుసు నిజంగా తీసేయండి.