ఫౌజు నుంచి వచ్చి సైబర్ సెక్యూరిటీ వ్యాపారం: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: ఆర్మీ సిగ్నల్స్‌లో హవల్దారును. మాది గిద్దలూరు. వచ్చే నెలాఖరుకు డిశ్చార్జి. ప్రస్తుతం లీవులో ఇంటి దగ్గర ఉన్నాను. బావమరిదితో కలిసి ఒంగోలులో ఆసుపత్రులకు, చిన్న కంపెనీలకు నెలవారీ ఫీజు మీద సైబర్ సెక్యూరిటీ సర్వీసు ఇద్దామనుకుంటున్నాం. వాళ్ల నెట్‌వర్కును రాత్రింబవళ్లు గమనిస్తూ, దాడి జరిగితే ఆపడం మా పని. ఒక ఆసుపత్రి అగ్రిమెంటు డ్రాఫ్టు పంపి ఈ వారమే సంతకం చేయమంటోంది. దీనికి సెక్యూరిటీ ఏజెన్సీ లైసెన్సు కావాలా? కమ్యూటేషన్ డబ్బు (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం) పెట్టుబడి పెట్టవచ్చా? మా సిగ్నల్స్ కోర్ (సైన్యంలోని కమ్యూనికేషన్ల విభాగం) నినాదం ‘తీవ్ర చౌకస్’ పేరుతో కంపెనీ పెట్టుకోవచ్చా?

జవాబు: ఈ వారం సంతకం చేయకండి. లీవులో ఉన్నా డిశ్చార్జి తేదీ వరకు మీరు ఆర్మీ చట్టం, 1950 కిందే ఉంటారు. సర్వీసులో ఉండగా అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. బావమరిది పేరు ముందు పెట్టి వెనక మీరు నడిపినా అంతే. ఇన్నేళ్ల సర్వీసు చివరి నెలలో ఆ టెన్షన్ మీకెందుకు? నిజంగా మీరే కావాలనుకుంటే ఆసుపత్రి నెల రోజులు ఆగుతుంది. రిటైరయ్యాక ప్రైవేటు పనికి కొంతకాలం ప్రభుత్వ అనుమతి అడిగే నిబంధన ఆఫీసర్ల కోసం పెట్టింది. హవల్దారుగా దాని గురించి మీకు దిగులక్కర్లేదు.

సెక్యూరిటీ ఏజెన్సీ లైసెన్సూ అక్కర్లేదు. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం మనుషులకు, ఆస్తులకు గార్డులను పెట్టే సంస్థల కోసం. కంప్యూటర్ ముందు కూర్చుని లాగ్‌లు (నెట్‌వర్కులో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) చూసే పని దాని కిందకు రాదు. అయితే ప్రభుత్వ సంస్థలకు సెక్యూరిటీ ఆడిట్ చేయాలనుకున్న రోజున సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల విషయం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఎంప్యానెల్‌మెంట్, అంటే దాని ఆమోదిత జాబితాలో చోటు, అడుగుతారు. అది తర్వాతి మాట.

మీరు పంపిన డ్రాఫ్టు మొత్తం చదివాను. నాకు భయం వేసింది తొమ్మిదో క్లాజు దగ్గర: “ఎలాంటి హ్యాకింగ్ జరగకుండా చూసే పూర్తి బాధ్యత, జరిగితే కలిగే సమస్త నష్టం సర్వీస్ ప్రొవైడర్‌దే.” నెలకు కొన్ని వేల ఫీజు తీసుకుని ఇంత పూచీ ఎవరూ ఇవ్వలేరు. రిసెప్షన్‌లో ఎవరో అనుమానాస్పద మెయిల్ తెరిచినా బిల్లు మీ మీదకే వస్తుంది. కాంట్రాక్టు చట్టం కింద ఈ వాక్యమే మీ మీద దావాకు ఆధారం. దాని బదులు మూడు విషయాలు రాయించండి. ఏయే సర్వర్లు, కంప్యూటర్లు మీ నిఘాలో ఉంటాయో జాబితాగా జతచేయాలి. అలర్ట్ వచ్చాక ఎంతసేపట్లో ఎవరికి ఫోన్ చేస్తారో ఉండాలి. నష్టపరిహారం ఎట్టి పరిస్థితుల్లోనూ ఏడాది ఫీజుకు మించదని ఉండాలి. పరిమితికి ఆసుపత్రి ఒప్పుకోకపోతే ఆ క్లయింటును వదులుకోండి.

అదే డ్రాఫ్టులో లేనిది అనుమతి పత్రం. ఐటీ చట్టం, 2000లోని సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్తే పరిహారం కట్టాలి. దురుద్దేశం ఉందని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు. “డాక్టరుగారు ఫోన్లో టెస్ట్ చేయమన్నారు” అంటే చాలదు. పైగా ఆసుపత్రిలో ల్యాబ్ సాఫ్ట్‌వేర్ సర్వర్ బయటి కంపెనీది కావచ్చు. అప్పుడు డాక్టరుగారి సంతకం దానికి పనికిరాదు, ఆ కంపెనీ నుంచి విడిగా తీసుకోవాలి. ఏ ఐపీ అడ్రసులు (నెట్‌వర్కులో ఒక్కో కంప్యూటరును గుర్తించే నంబర్లు), ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రకం పరీక్ష అన్నది కాగితం మీద ఉంటేనే చేయి పెట్టండి.

దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. అర్ధరాత్రి రెండింటికి ఆసుపత్రి ఫైళ్లు లాక్ అయ్యాయనుకోండి, తెల్లవారి ఎనిమిదికల్లా రిపోర్టు వెళ్లాలి. పంపేది మీరా, వాళ్లా? వాళ్ల మేనేజరు “ఇప్పుడే చెప్పకండి, పరువు పోతుంది” అంటే ఏం చేస్తారు? అగ్రిమెంటులో దీనికి జవాబు ఉండాలి. రోగుల వివరాలు మీ కళ్లముందు కదులుతాయి కాబట్టి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమలవుతాయి. భద్రతా ఏర్పాట్లలో లోపానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఆసుపత్రి మీదే పడుతుంది. ఆసుపత్రి దాన్ని మీ నుంచి రాబట్టుకోవాలని చూస్తుంది, ఆ తొమ్మిదో క్లాజు అందుకే.

డబ్బు సంగతి. సొంత పేరు మీదో, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌గానో పెట్టకండి, వ్యాపారం అప్పులు ఇంటి దాకా వస్తాయి. మీరిద్దరున్నారు కాబట్టి ప్రైవేట్ లిమిటెడ్ సరిపోతుంది. బ్యాంకు లోనుకు మీరు వ్యక్తిగత పూచీ సంతకం పెడితే మాత్రం ఆ రక్షణ పోయినట్టే. నెలనెలా వచ్చే పెన్షన్‌ను అప్పులవాళ్లు జప్తు చేయించకుండా 1871 నాటి పెన్షన్ల చట్టం కాపాడుతుంది. కమ్యూటేషన్ సొమ్ము ప్రభుత్వం దగ్గర ఉన్నంతవరకే ఆ రక్షణ అని 1987లో ఒక రిటైర్డ్ వింగ్ కమాండర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మీ ఖాతాలో పడ్డాక మామూలు డబ్బే. పిల్లల చదువుకు, ఇంటికి పక్కన పెట్టాకే మిగిలింది వ్యాపారంలో పెట్టండి. ఈ ఒక్క మాట మాత్రం మీ అన్నలా చెబుతున్నాను.

‘తీవ్ర చౌకస్’ వద్దు. సైన్యంతో సంబంధం ఉన్నట్టు అనిపించే పేర్లకు రిజిస్ట్రేషన్ దగ్గరే అభ్యంతరం రావచ్చు. కోర్ చిహ్నం విజిటింగ్ కార్డు మీద వేయడమూ మానండి. ‘మాజీ సైనికుడు, సిగ్నల్స్’ అని నిజం రాసుకోవడానికి అడ్డు లేదు. కానీ క్లయింటుకు చూపే స్లైడులో ఫలానా కమాండ్ నెట్‌వర్కుకు ఫలానా ఫైర్‌వాల్ నేనే పెట్టానని రాయకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉద్యోగం వదిలినవారికీ వర్తిస్తుంది, దానికి కాలపరిమితి లేదు.

చివరగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు. సర్వీసు మొదలుపెట్టక ముందే చేయించండి. క్లయింటు 45 రోజుల్లో బిల్లు కట్టకపోతే చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగవచ్చు. ఆలస్యంగా రిజిస్టర్ చేస్తే పాత బిల్లులకు ఈ హక్కు రాదు.