టెలిస్కోపులను చల్లబరిచే చదువుకు ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: హనుమకొండలో నాకు ఫ్రిజ్, ఏసీ రిపేర్ షాపుంది. బిడ్డ ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అంతరిక్ష టెలిస్కోపులను వణుకు లేకుండా చల్లబరిచే కూలర్ల మీద పనిచేస్తానంటోంది. సీఎస్ఈ తీసుకోమంటే వినడం లేదు. ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా సార్?

జవాబు: ఉంటాయి, కాకపోతే తక్కువ. అయినా మీ బిడ్డను ఆపకండి. ఆమె అడుగుతున్న చదువుకు మొదటి పాఠాలు మీ షాపులోనే ఉన్నాయి.

వెచ్చగా ఉన్న టెలిస్కోప్ తానే పరారుణ (వేడి) కిరణాలు వెదజల్లి, దూరం నుంచి వచ్చే మసక కిరణాలను ముంచేస్తుంది. అందుకే దాన్ని చల్లబరచాలి. అలాగని కంప్రెసర్ పెడితే ఆ కుదుపుకు చిత్రం చెదురుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ కింద రబ్బరు బుష్‌లు మీరు వేస్తూనే ఉంటారు కదా, అక్కడ అవి సరిపోవు. ఫ్రిజ్ గ్యాస్‌లోని తేమను పట్టే ఫిల్టర్ డ్రయర్ ఒకటి, పాతది, కోసి మీ బిడ్డకు చూపించండి. లోపలి గింజలు తేమను పట్టుకుంటాయి, బాగా వేడిచేస్తే వదిలేస్తాయి. 2009లో ఐరోపా పంపిన ప్లాంక్ టెలిస్కోప్ కూలర్ కూడా ఇలాంటి సూత్రం మీదే నడిచింది. అందులో ఒక మిశ్రమ లోహం చల్లగా ఉన్నప్పుడు హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది, వేడిచేస్తే గట్టి ఒత్తిడితో బయటికి తోస్తుంది. కంప్రెసర్ పని అదే చేస్తుంది, పిస్టనే ఉండదు. ముందే బాగా చల్లబడిన ఆ గ్యాస్, మీ ఫ్రిజ్‌లోని కేపిలరీ (సన్నని గొట్టం) లాంటి ఇరుకు దారి దాటి వ్యాకోచించగానే మైనస్ 253 డిగ్రీల దాకా దిగుతుంది. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ కూలర్‌లో మాత్రం పిస్టన్లున్నాయి. అవి జంటగా ఎదురెదురు కదులుతూ ఒకదాని కుదుపును మరొకటి చంపేస్తాయి.

ఇక చదువు. బీటెక్‌లో క్రయోజెనిక్స్ (అతి చల్లదనం మీద చదువు) పేరుతో సీటు వెతకొద్దు. మెకానికల్ చేరాలి. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే మన వరంగల్ నిట్, లేదంటే ఎప్‌సెట్‌తో మంచి కాలేజీ. థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ గట్టిగా పట్టుకోవాలి. తర్వాత గేట్ రాసి ఖరగ్‌పూర్ ఐఐటీలోనో, రూర్కెలా నిట్‌లోనో ఇదే రంగంలో ఎంటెక్ చేయొచ్చు. ఇస్రోకు మెకానికల్ బీటెక్‌తోనూ దరఖాస్తు చేయొచ్చు, బీటెక్‌లో 65 శాతానికి తగ్గకూడదు.

ఇస్రోలో రాకపోతే ఎలా అని మీకు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. ఆస్పత్రుల్లోని ఎంఆర్ఐ అయస్కాంతాలను చాలావరకు ద్రవ హీలియమే చల్లగా ఉంచుతుంది. ఆక్సిజన్ ప్లాంట్లు, ఎల్ఎన్‌జీ (ద్రవ సహజవాయువు) టెర్మినళ్లు కూడా ఈ చదువు కావాలనేవే. జీతం సాఫ్ట్‌వేర్ అంత తొందరగా పెరగదు, ఆ మాట ఇప్పుడే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

పరీక్షలయ్యాక సెలవుల్లో ఆమెతో ఒక రాగి గొట్టం బ్రేజింగ్ చేయించండి. వాక్యూమ్ పెట్టి, రాత్రంతా ఉంచి, ఎక్కడైనా లీకుందేమో తెలిసేలా, పొద్దున గేజ్ ముల్లు కదిలిందా లేదా ఆమెనే చూడమనండి.