కావలి నుంచి నెల్లూరుకు రోజూ బండి మీద వెళ్లేవారు పెట్రోలు ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

మీరు కావలి నుంచి నెల్లూరుకు రోజూ బండి మీద ఉద్యోగానికి వెళ్తున్నారనీ, నెలకు ఐదు వేల పైచిలుకు పెట్రోలుకే పోతోందనీ రాశారు. తెల్లవారుజామున కొట్టించుకుంటే ఎక్కువ వస్తుందనే మాటలో నిజమెంత, అప్పు చేసైనా కరెంటు స్కూటరు కొనడం మంచిదా అని అడిగారు. నేను సింగరాయకొండలో ఉంటూ పదకొండేళ్లుగా పొగాకు కంపెనీలో ఫీల్డు ఉద్యోగం చేస్తున్నాను. టంగుటూరు, కొండపి, జరుగుమల్లి, పొన్నలూరు మండలాల్లో బ్యారన్ల (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదుల) చుట్టూ తిరగడమే నా పని. కంపెనీ పెట్రోలు ఖర్చు కింద నెలకు ఒకే మొత్తం ఇస్తుంది కాబట్టి, ధర పెరిగినప్పుడల్లా ఆ పెరిగినదంతా నా జీతంలోంచే పోతుంది. అందువల్ల ఈ లెక్క నాకు ఇంటి లెక్క అయిపోయింది.

ముందుగా మీ ప్రయాణాన్నే తీసుకుందాం. రానుపోను 110 కిలోమీటర్లు, బండి మైలేజీ 55 అనుకుంటే రోజుకు రెండు లీటర్లు. లెక్క సులువుగా ఉండేందుకు లీటరు 110 రూపాయలుగా వేసుకుంటే రోజుకు 220, నెలకు 25 రోజులకు 5,500 రూపాయలు. ఇంత దూరం రోజూ ఒకే దారిలో, ఒకే వేళకు వెళ్లేవారికి నేను మొదట చెప్పేది రైలు పాసు గురించే. కావలి, బిట్రగుంట, అల్లూరు రోడ్డు, కొడవలూరు, పడుగుపాడు దాటితే నెల్లూరు. రైలు మార్గంలో ఇది సుమారు 51 కిలోమీటర్లు. నెలవారీ సీజన్ టికెట్టుకు అయ్యే కొన్ని వందల రూపాయలు మీకు రెండు మూడు రోజుల పెట్రోలు ఖర్చుకు మించవు. మూడు నెలలకు ఒకేసారి తీసుకుంటే నెల పాసు ధరకు 2.7 రెట్లే కట్టాలి కాబట్టి అందులోనూ కొంత కలిసివస్తుంది. అయితే ఆ పాసుతో జనరల్ పెట్టెల్లోనే ప్రయాణించాలి, రిజర్వేషను పెట్టె ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ రైలుకు అదనపు రుసుము వేరుగా కట్టాలి. బండిని కావలి స్టేషను స్టాండులో పెట్టుకోవడం, నెల్లూరులో దిగాక ఆటోకు ఇచ్చుకోవడం కలుపుకున్నా ఇప్పటి ఖర్చులో సగం కూడా కాదని నా అంచనా. మీ డ్యూటీ వేళలకు రైలు రోజూ కుదరకపోవచ్చు. వారంలో మూడు రోజులు కుదిరినా నెలకు పాతిక లీటర్ల దాకా ఆదా అవుతుంది.

రైలు అసలే కుదరనివారు, నాలాగా ఊళ్లమ్మట తిరిగేవారు చేయవలసిన మొదటి పని బండి నిజంగా ఎంత తాగుతోందో తెలుసుకోవడం. చాలామంది చెప్పే మైలేజీ కొన్న రోజున షోరూములో విన్న అంకె. నేను ఒక చిన్న నోటుపుస్తకం ట్యాంకు కవరు జేబులో పెట్టుకున్నాను. ఫుల్ ట్యాంకు చేయించిన రోజున మీటరు రీడింగు రాసుకుంటాను, మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, మీటరు ఎంత తిరిగిందో రాసి, కిలోమీటర్లను లీటర్లతో భాగిస్తాను. వంద రూపాయలకూ రెండు వందలకూ కొట్టించుకునే అలవాటుతో ఈ లెక్క ఎప్పటికీ తేలదు. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మకుండా కనీసం మూడు ట్యాంకుల సగటు చూడాలి.

ఆ పుస్తకం విలువ నాకు మూడేళ్ల కిందట తెలిసింది. బ్యారన్లు కాలుస్తున్న రోజులవి, తిరుగుడు బాగా ఎక్కువగా ఉండేది. అప్పటిదాకా 62 వస్తున్న బండి రెండు ట్యాంకులు వరసగా 48 చూపించింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే కార్బొరేటరు పాడైందన్నాడు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు కూడా మార్చి 1,800 రూపాయలు తీసుకున్నాడు. తర్వాతి ట్యాంకు 49 వచ్చింది. ఒక సాయంత్రం ఇంటి ముందు బండిని సెంటరు స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాను. నాలుగైదు చుట్లు తిరగవలసిన చక్రం అర చుట్టు తిరిగి, సన్నగా రాసుకుంటున్న చప్పుడుతో ఆగిపోయింది. అప్పుడే కొండపి నుంచి వచ్చాను, హబ్బు మీద వేలు పెడితే పెట్టనివ్వనంత వేడిగా ఉంది. అంతకుముందు సర్వీసింగులో బ్రేకు లైనర్లు మార్చినప్పుడు కాలి బ్రేకును బాగా బిగించారు. నేను బ్రేకు తొక్కకపోయినా బండి ఆ నెలన్నర రోజులూ బ్రేకు వేసుకునే నడిచింది. బ్రేకు రాడ్డు చివర ఉండే నట్టును పానాతో కొద్దికొద్దిగా వదులు చేస్తూ, పెడలు ఒక అంగుళం దిగాక బ్రేకు పట్టేలా పెట్టాను. చక్రం తేలికగా తిరిగింది. తర్వాతి ట్యాంకు 60 దాటింది. పైసా ఖర్చు లేని పని అది. ఇప్పుడు ప్రతి ఆదివారం చక్రాలు రెండూ తిప్పి చూస్తాను, చెయిను మరీ బిగుతుగా గానీ మరీ వదులుగా గానీ ఉందేమో చూసి ఆయిలు వేస్తాను. మీరు ఈ జవాబు చదివిన రోజే మీ బండి చక్రం ఒకసారి తిప్పి చూడండని గట్టిగా కోరుతున్నాను.

మైలేజీ పడిపోయిందని వెంటనే పార్టులు మార్పించేవారు మరో విషయం తెలుసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. మొదట 2030 నాటికి అనుకున్న ఈ లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఆ లెక్కన 10 శాతం కలిసిన పెట్రోలు నుంచి 20 శాతానికి మారినప్పుడు శక్తి మూడు నాలుగు శాతం దాకా తగ్గుతుంది. అంటే 60 ఇచ్చే బండి 58 ఇస్తే అది బండి లోపం కాదు, దానికి మెకానిక్‌కు డబ్బు పోయవద్దు. 60 ఇచ్చేది 50కి పడితే మాత్రం కారణం బండిలోనే ఉందని వెతకాలి.

టైర్లలో గాలి సంగతి అందరికీ తెలిసినదే అయినా పట్టించుకునేవారు తక్కువ. నా బండికి కంపెనీ చెప్పినది ముందు 25, వెనక 28 పాయింట్లు. మీ బండికి ఎంతో చెయిను కవరు మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బయలుదేరిన వెంటనే చూపించుకోవాలి. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా పట్టాలన్నది నియమం, అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

ఇక వేగం. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఖాళీగా కనిపిస్తే 75 దాకా పోవాలనిపిస్తుంది. వేగం 50 నుంచి 70కి పెరిగితే ఎదురయ్యే గాలి నిరోధం దాదాపు రెట్టింపు అవుతుంది, ఎందుకంటే అది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చిన్న ఇంజను బండికి ఆ భారం ట్యాంకులోంచే పోతుంది. మీ 55 కిలోమీటర్లకు 70లో వెళ్తే 47 నిమిషాలు, 50లో వెళ్తే 66 నిమిషాలు పడుతుంది. ఆ పంతొమ్మిది నిమిషాలు ముందుగా బయలుదేరగలిగితే చాలు. వేసవిలో సముద్రం మీది గాలి ఎదురు కొట్టే సాయంత్రాలు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. దీనికి తోడు లారీల పక్కన నిదానంగా, అంచున వెళ్లేవాడికి ప్రాణభయమూ తక్కువ. నేను ఈ దారిలో చూసిన ప్రమాదాల తర్వాత ఈ మాట పెట్రోలు కంటే ముందే చెప్పవలసింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ మిగిల్చినది తిరుగుడు తగ్గించుకోవడం. మునుపు ఉదయం కొండపి వైపు వెళ్లి, భోజనానికి సింగరాయకొండ వచ్చి, మళ్లీ జరుగుమల్లి వైపు వెళ్లేవాణ్ని. రైతు బ్యారన్ దగ్గర లేక వట్టి చేతులతో తిరిగి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు ముందు రోజు రాత్రే రైతులకు ఫోను చేస్తాను, ఒక రోజు ఒకే వైపు పెట్టుకుంటాను, క్యారేజీ కట్టుకుని వెళ్తాను. నెలకు 1,900 కిలోమీటర్లు తిరిగే బండి 1,350కి వచ్చింది. మైలేజీ 60 చొప్పున అది తొమ్మిది లీటర్లు, వెయ్యి రూపాయలు. పొన్నలూరు వైపు పని ఉన్న రోజున తోటి ఉద్యోగీ నేనూ ఒకే బండి మీద వెళ్లి, తర్వాతి వారం ఆయన బండి తీస్తాము. ఇంట్లో మా ఆవిడను ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మునుపు బండే తీసేవాణ్ని. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఆమె ఆధారు కార్డు చూపించి పల్లెవెలుగులో టికెట్టు డబ్బులు లేకుండా వెళ్లి వస్తోంది.

బంకు దగ్గరి నమ్మకాల గురించి అడిగారు కాబట్టి చెప్తాను. పెట్రోలు వేడికి వ్యాకోచించే మాట నిజమే, కానీ అది ఒక డిగ్రీకి 0.1 శాతం దరిదాపు మాత్రమే, పైగా బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది కాబట్టి ఉదయానికీ మధ్యాహ్నానికీ ఉష్ణోగ్రత పెద్దగా మారదు. ఐదు డిగ్రీల తేడా ఉందనుకున్నా 200 రూపాయలకు ఒక్క రూపాయి తేడా వస్తుంది. వంద, రెండు వందలు కాకుండా నూట పదికి, రెండు వందల పదికి కొట్టించుకుంటే కొలతలో మోసం ఉండదనే నమ్మకంలోనూ ఏమీ లేదు. మీటరు సున్నా చూసుకోవడం, పైపు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగడం చాలు. అనుమానం వస్తే తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపమని అడిగే హక్కు మీకు ఉంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను మాత్రమే అనుమతిస్తారు. నేను ఒక బంకులో ఒకసారి అడిగాను. కాసేపు విసుక్కున్నా పాత్ర తెచ్చి పోసి చూపారు, కొలత సరిగానే ఉంది. ధర పెరుగుతుందని పుకారు లేచినప్పుడు ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి ఇంట్లో దాచేవారిని చూశాను. మన ఎండల్లో అది ఇల్లు తగలబెట్టుకునే పని, దయచేసి ఎవరూ చేయవద్దు.

తమిళనాడులో చవక కదా అని మా వాళ్లు తరచుగా అంటారు. 2020లో మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్‌కు (రాష్ట్రం వేసే అమ్మకపు పన్నుకు) తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఆపై రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు వచ్చాయి. పెట్రోలు జీఎస్టీలో లేదు కాబట్టి రాష్ట్రానికీ రాష్ట్రానికీ ధర మారుతుంది. చెన్నై పని మీద వెళ్లేవారు తడ దాటి తమిళనాడులోని ఆరంబాకం వైపు వెళ్లాక ట్యాంకు నింపుకోవడం తెలివైన పనే. అందుకోసమే నెల్లూరు నుంచి బయలుదేరితే రానుపోను దాదాపు రెండు వందల కిలోమీటర్లకు మూడు లీటర్లకు పైగా కాలిపోతుంది, బండి ట్యాంకు మొత్తం మీద మిగిలేది దానిలో మూడో వంతు కూడా ఉండదు.

కరెంటు స్కూటరు విషయంలో తొందరపడవద్దని నా మాట. కిలోమీటరు ఖర్చు చాలా తక్కువన్నది నిజం. మీ 110 కిలోమీటర్లకు మూడు యూనిట్ల చుట్టూ ఖర్చవుతుంది. కానీ హైవే వేగంలో బండి ఇచ్చే దూరం కంపెనీ చెప్పినంత ఉండదు, బ్యాటరీ పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది, నెల్లూరులో ఆఫీసు దగ్గర చార్జింగు పెట్టుకునే వీలు లేకపోతే సాయంత్రం కోవూరు దాటాక మీ కళ్లు మీటరు మీదే ఉంటాయి. లక్ష రూపాయల పైన అప్పు తీసుకుంటే నెల కిస్తీ మీరు మిగిల్చిన పెట్రోలు డబ్బును చాలావరకు తినేస్తుంది. ఊళ్లో రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగేవారికి, చేతిలో డబ్బు ఉన్నవారికి నేను తప్పక కొనమంటాను. మీరు మాత్రం ముందు ఒక నెల పాసు తీసుకుని రైలు కుదురుతుందేమో చూడండి, మిగిలిన రోజులకు బండి మైలేజీ రాసుకోండి. మూడు ట్యాంకుల లెక్క తేలాక మీ బండి ఏ మోడలో, డ్యూటీ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో ఆ అంకెలతో కలిపి ఇక్కడే రాస్తే, నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను.